కొయ్యకుండా మార్చడం

మొన్న ఆదివారం కలకత్తా సాల్ట్ లేక్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గరగా ఉన్న దుకాణాలున్న అద్దాల భవంతికి, పదేళ్ళ మనవరాలి జీన్సు ప్యాంటు పొట్టి చేయించడానికి వెళ్ళాం. కొని నాలుగు రోజులైనా కాలేదు, తొడుక్కుని నడిస్తే కాళ్ళ దగ్గర బెత్తెడు గుడ్డ నేల ఊడుస్తోంది. మూడో అంతస్తులో, కదిలే మెట్ల పక్కన ఒక చిన్న గాజు గది. దాని నెత్తిన ఇంగ్లీషులో ‘ఆల్టరేషన్’ అని మెరిసే అక్షరాలు. లోపల మెడలో టేపు వేసుకున్న నడివయసు మనిషి. ఆయన ప్యాంటుని బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, నేను కళ్ళజోడు సర్దుకునే లోపలే కత్తెర పెట్టి కరకరా కోసి, ఆ రెండు ముక్కల్నీ కాలి దగ్గరున్న బుట్టలోకి జారవిడిచాడు. కొయ్యకండి బాబూ అన్న మాట నా నోట్లోంచి తెలుగులోనే వచ్చేసింది. ఆయనకి అర్థం కాలేదు. అర్థమైన మనవరాలికి సిగ్గేసింది. “ఛాడో నా అమ్మమ్మా, వదిలెయ్. ఆల్టర్ అంటే అదే కదా,” అంది.

కాదని చెప్పబోయి ఆగిపోయాను. పాతికేళ్ళకి పైగా చిన్న బడిలో పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, మాటకి అర్థం చెప్పడం నాకు కొత్త కాదు. కాని ఆ ఒక్క ఇంగ్లీషు క్రియకి అర్థం చెప్పాలంటే ఊరికి ఆ చివరున్న మెటియాబ్రుజ్ దాకా, అదీ నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అంత దూరం ఆటోలు రావు, మనవరాలికి అంత తీరికా లేదు. మీరు నా ఈడు వాళ్ళు, మోకాళ్ళు నొప్పి పెట్టినా కబుర్లకి నడిచి వస్తారు గనక మీతో చెప్పుకుంటాను.

మా అయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాకులో ఓడల మీది బస్తాలు దించేవాడు. మేమున్నది డాకు గోడకి ఈవల, మెటియాబ్రుజ్‌లో, వరసగా పన్నెండు గదులున్న ఇంట్లో ఒక గది. గదిలో సగం మంచం, మిగతా సగం మా అమ్మ కుట్టు మిషను. మనుషులం ఆ రెంటికీ మధ్య ఎలాగో సర్దుకునేవాళ్ళం. ఆ పేటలో ఏ సందులోకి వెళ్ళినా మిషన్ల చప్పుడే, ఓడ కూత వినిపిస్తే తప్ప పక్కనే నది ఉందన్న సంగతి గుర్తుండేది కాదు. కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది గాని, కాలితో తొక్కే మిషనుకి లోడ్ షెడ్డింగ్‌తో పనేముంది, ఊరంతా ఆగినా మా అమ్మ ఆగేది కాదు.

మీకు గుర్తుండే ఉంటుంది, ఎర్రజెండా సర్కారు వచ్చాక మా వంటి బడుల్లో అయిదో తరగతి దాకా ఇంగ్లీషు ఎత్తేశారు. అది మంచిదా చెడ్డదా అని పెద్దవాళ్ళు టీ కొట్టు బల్లల మీద కూర్చుని కొట్లాడుకునేవారు. మా పిల్లలకి మాత్రం అది ఏళ్ళ తరబడి సాగిన సెలవు. ఆరో తరగతిలో ఆ సెలవు అయిపోయింది. మా తెలుగు బడికి వచ్చిన ఇంగ్లీషు మేష్టారు గోదావరి వైపు మనిషి, ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని దిద్దేవారు, అంచేత ఇంగ్లీషు కంటే ముందు మేం ఆయన తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. వారానికి అయిదు క్రియలు బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, సొంతవాక్యాలు రాసుకురమ్మనేవారు. ఒక వారం అన్నీ మార్పుకి సంబంధించిన క్రియలే వచ్చాయి. అందులో మూడోది ఆల్టర్.

ఆ మాట నాకు మేష్టారి కంటే ముందే తెలుసు. తరగతిలో ఇంకెవరికీ తెలియని ఇంగ్లీషు మాట ఒకటి నాకు తెలిసి ఉండడం అదే మొదలు, ఇంచుమించు అదే ఆఖరు కూడాను. మా ఇంట్లో ఆ మాట ఉప్పులా వాడుక. పక్కింటావిడ రవికె ఆల్టరు, అయ్య చొక్కా ఆల్టరు, అన్నిటికంటే ఎక్కువగా నా పావడా ఆల్టరు. ఆల్టర్ అనేది సకర్మక క్రియ, దానికి కర్మ ఒకటి ఉండి తీరాలి అని మేష్టారు చెప్పినప్పుడు, మా ఇంట్లో ఆ కర్మ నా పావడాదే కదా అనుకున్నాను. నాలుగో తరగతిలో కుట్టిన నీలం పావడా అది. ఎన్నేళ్ళు ఎదిగినా సరిపోయేటంత పొడుగ్గా కుట్టి, ఆ పొడుగునంతా కింది వైపు మడతలుగా మడిచి, చేతికుట్టు వేసి దాచింది అమ్మ. ఏడాదికొక మడత విప్పేది. విప్పిన చోట, ఎండ తగలక వెలిసిపోకుండా ఉన్న ముదురు నీలం గీత ఒకటి బయటపడేది. ఆరో తరగతికి వచ్చేసరికి నా పావడా మీద రెండు గీతలు. అరచేతి గీతలు చూసి జాతకం చెప్పేవాళ్ళుంటారు. నా జాతకం పావడా మీదే ఉండేది, ఎవరైనా చదువుకోవచ్చు.

ఇంట్లో అన్నం దగ్గర, నీళ్ళ దగ్గర ఎన్ని సర్దుబాట్లు చేసుకున్నా, గుడ్డ దగ్గర మా అమ్మకి ఒకటే పట్టు. కొయ్యకూడదు. బిగుతు చెయ్యమని వచ్చినా, పొట్టి చెయ్యమని వచ్చినా లోపలికి మడిచి కుట్టేది. “కోసీసినాక మల్లీ కావాలంటే ఏటి సేత్తావు? మడిసినావనుకో, ఇప్పుకోవచ్చు,” అనేది.

అందుకని మేష్టారు ఆల్టర్ అంటే ఎవరికైనా తెలుసా అని అడగ్గానే నేను లేచి, కొయ్యకుండా మార్చడం సార్ అన్నాను. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నవ్వడానికైనా అర్థం తెలియాలి. మేష్టారు కాసేపు నన్ను చూశారు, ఆ తర్వాత నా పావడా చూశారు. “బాగుందమ్మా. వస్తువు అదే ఉండాలి, రూపం కొంత మారాలి. అంతవరకూ నువ్వు చెప్పింది రైటు. కాని కొయ్యకూడదని నిఘంటువులో ఎక్కడా లేదు. కోసినా ఆల్టరే,” అన్నారు.

ఇంటికి రాగానే అమ్మ మిషను తొక్కుతూనే, ఇంగ్లీషు మేష్టరు ఏటి సెప్పినాడే అని అడిగింది. నేను ఎంతో గొప్పగా, ఆల్టరంటే నీ మాటే రైటన్నారమ్మా అని చెప్పాను. మేష్టారు అన్నదాంట్లో రెండో సగాన్ని మడిచి లోపల పెట్టేశాను. అబద్ధం ఆడానని అప్పుడు అనిపించలేదు. మా అమ్మ కూతుర్ని కదా, కొయ్యకుండా మార్చాను. అమ్మ మొహంలో ఆ వెలుగు చూశాక, విప్పి చెప్పాలని కూడా అనిపించలేదు. వారం రోజులపాటు బోరింగు దగ్గర బిందె పెట్టి, సదూకున్నోడు గూడా అదే అన్నాడు అని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

అదే రోజుల్లో ఓడలు హల్దియా రేవు వైపు పోవడం ఎక్కువైంది. అయ్య పొద్దున్నే డాకు గేటు దగ్గర హాజరుకి నిలబడి, పని లేదనిపించుకుని తొమ్మిదింటికల్లా తిరిగి వచ్చేవాడు. ఉదయమంతా మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తుంటే మా గది ఇంకా చిన్నదైనట్టుండేది. ఒకరోజు ఆయన గోడతోనే అన్నట్టుగా, “గుంటని ఊరికి అంపీద్దుము. మాయమ్మ దగ్గరుంటాది. దుర్గ పూజలయ్యాక తమ్ముడొత్తాడు, ఆడితో ఎల్లిపోతాది,” అన్నాడు. మా ఊళ్ళో బడి అయిదో తరగతితో ఆఖరు. వెళ్ళడమంటే చదువు మానేయడమేనని అయ్యకీ తెలుసు, అందుకే గోడకి చెప్పాడు.

అమ్మ మిషను ఆపింది. అది ఆగితే మా ఇంట్లో అందరూ తలెత్తి చూడాల్సిందే.

“గుంట సదూతాది. నాను కుడతాను.”

“ఎంత కుడతావు? నెలకోపాలి నాలుగు జాకెట్లా?”

“ఓస్తాగరు సాచా ఈ పూజల పని సూసి, సరిగ్గుంటే ఏడాదంతా పనిత్తానన్నాడు.”

“సూద్దుము,” అన్నాడు అయ్య.

ఓస్తాగర్ అంటే ఆ పేటలో దర్జీలందరికీ మేస్త్రీ వంటివాడు. గుడ్డ తెచ్చి, కోయించి, ఇంటింటికీ కుట్టుకి పంచి, కుట్టిన బట్టలు దుకాణాలకి చేరవేస్తాడు. మా ఓస్తాగర్ చాచా తెల్ల గడ్డం పెద్దాయన, సైకిలు వెనక తన కంటే పెద్ద మూట కట్టుకుని తిరిగేవాడు. నేను కలకత్తాలో ఉండి ఏడో తరగతికి వెళ్ళడమా, ఊరికి పోయి నానమ్మ మేకలు చూసుకోవడమా అన్నది ఆ సైకిలు మీదకెక్కి కూర్చుంది.

పూజలకి ఇంకా మూడు వారాలుందనగా చాచా మా గుమ్మంలో ఒక మూట దించాడు. పసుపు గుడ్డ మీద తెల్ల పువ్వులున్న ఆడపిల్లల గౌన్లు, మొత్తం నలభై. ఎనిమిదేళ్ళ పిల్లల కొలత అట్టకి బదులు కోత మాస్టరు పదేళ్ళ పిల్లల అట్ట పెట్టి కోసేశాట్ట. దుకాణం అడిగింది చిన్న సైజు. “దీదీ, సబ్ ఆల్టర్ కర్ దో,” అని అన్నిటికీ కలిపి కొలతల చీటీ ఒకటి ఇచ్చి చాచా సైకిలెక్కాడు. ఆ చీటీలోని అంకెలు చదివి చెప్పింది నేనే.

అమ్మ ఒక గౌను తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్కలు కోసి కుడితే చకచకా అయిపోతాయి, మడిచి కుడితే మూడింతలు పని. కాసేపు కత్తెర మీద చెయ్యి వేసి ఉంచింది. అది తన పాత గుడ్డ కాదు, పరాయి వాళ్ళ కొత్త గుడ్డ, పైగా నా చదువు దాంతో ముడిపడి ఉంది. అమ్మకి కూడా సందేహం వచ్చింది.

“ఆల్టరన్నాడు. కాటో అన్నేదు, కొయ్యమన్నేదు గదే?” అని అడిగింది.

“అన్లేదు,” అన్నాను.

“మీ మేష్టరు గూడా కొయ్యకూడదనే గదా సెప్పినాడు?”

నేను తలూపాను. ఇప్పటికీ పొద్దున్న లేచేసరికి మెడ పట్టేసి ఉంటే నాకు ఆ తలూపడమే గుర్తొస్తుంది.

అమ్మ పది రోజులు ఆ గౌన్లు మడిచి కుట్టింది. బడి నుంచి వచ్చి నేను గుండీలు కుట్టేదాన్ని. అయ్య కూడా, ఎవరూ చూడకుండా తలుపు దగ్గరికి వేసి, సూదుల్లోకి దారం ఎక్కించి ఇచ్చేవాడు. బస్తాలు మోసిన ఆ వేళ్ళకి సూది బెజ్జం కనపడేది కాదు, అయినా ఒప్పుకునేవాడు కాదు.

సోమవారం మూట పట్టుకుపోయిన చాచా బుధవారం పొద్దున్నే దాంతోపాటే తిరిగొచ్చాడు. ఒక గౌను తిరగేసి అమ్మ ముందు పరిచాడు. “ఏ క్యా కియా దీదీ? అందర్ పూరా కపడా?” కుట్ల వెంట లోపల మూడేసి పొరల గుడ్డ. ఇస్త్రీ పెట్టె ఆనడం లేదుట. తగిలిస్తే గౌను ఒంటికి తిన్నగా జారకుండా పక్కలు ఉబ్బి గుమ్మడికాయలా ఉంటోందిట. అమ్మ తనకొచ్చిన హిందీలో, “బచ్చీ బఢేగా నా చాచా. కాటేగా తో గయా,” అంది. పిల్ల ఎదుగుతుంది కదా, కోస్తే పోయినట్టే కదా అని ఆవిడ గోడు. చాచాకి నవ్వొచ్చింది, ఆ నవ్వుతో కోపం సగం పోయింది గాని సగం మిగిలింది. పిల్ల ఎదిగితే కొత్త గౌను కొంటారు దీదీ, నువ్వూ నేనూ బతికేది దాని మీదే కదా అని మెల్లగా చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నానికి పక్కలు కోసి పల్చగా చేసి ఇస్తే సరే, లేదా మూట ఇంకో ఇంటికి వెళ్తుంది, ఇక ముందు పనీ అటే వెళ్తుంది.

చాచా వెళ్ళాక అయ్య మంచం మీంచి, “కోసియ్యే. ఆ గుడ్డ మన్దేటి?” అన్నాడు. అమ్మ గౌను అంచు పట్టుకుని, కుట్టు వెంట వేలితో తడిమి, నా వైపు తిరిగింది.

“ఒలే, నిజం సెప్పు. మీ మేష్టరు ఏటన్నాడు?”

“కోసినా ఆల్టరే అన్నారమ్మా,” అన్నాను.

ఆ మాట నిజం కోసం చెప్పానో, ఊరికి పోకుండా ఉండడం కోసం చెప్పానో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. నిజాయితీ పైపొర, స్వార్థం లోపలి పొర. ఏ ఇస్త్రీ పెట్టె పెట్టినా అణగని కుట్టు అది. అమ్మ కొడుతుందనుకున్నాను, కనీసం తిడుతుందనుకున్నాను. “ముందే సెప్పుంటే పది రోజుల కట్టం తప్పును గదే గుంటా,” అని మాత్రం అంది. కత్తెర అందుకుంది.

మా అమ్మ మంచి గుడ్డని కొయ్యడం చూడడం నాకదే మొదలు. రెండు రోజులు బడి మానేసి పక్కన కూర్చుని కుట్లు విప్పాను. నేను విప్పడం, ఆవిడ కొయ్యడం, మళ్ళీ కుట్టడం. నేల మీద పసుపు ముక్కలు, తెల్ల పువ్వులు సగానికి తెగి.

పక్కలయ్యాక కింది అంచు మిగిలింది. ప్రతి గౌనుకీ నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువుంది, అది కూడా కొయ్యాల్సిందే. అక్కడ అమ్మ ఆగింది. కత్తెర కింద పెట్టేసి, ఆ నాలుగు వేళ్ళ గుడ్డని లోపలికి ఒకే మడత మడిచి, ఒక్కొక్క పోగునే సూదిమొనతో పట్టుకుంటూ పైకి కనపడని చేతికుట్టు వేసి, తడిగుడ్డ పరిచి బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో అదిమింది. పెట్టె తీశాక అక్కడ మడత ఉందని మడిచినవాళ్ళకే తెలియలేదు. చాచా చూస్తేనో అన్నాను భయంగా. “సూత్తే సూత్తాడు. నలపై గౌన్లు కోసినాను. ఈ కాసింత నాకుండనీ,” అంది.

శుక్రవారం చాచా వచ్చి గుమ్మంలో పీట మీద కూర్చున్నాడు. గౌను తిరగేసి పక్కల కుట్లు చూసి తలూపాడు. తర్వాత దర్జీల అలవాటు కొద్దీ బొటనవేలితో అంచు వెంట రాసుకుంటూ పోయాడు. ఒక చోట ఆ వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ రాసింది. నాకు శ్రీకాకుళం వెళ్ళే రైలు కూత స్పష్టంగా వినిపించింది, అది డాకులో ఓడ కూత అయి ఉండాలి. చాచా తలెత్తి అమ్మని చూశాడు. అమ్మ మిషనుకి నూనె వేస్తోంది, అంత నూనె ఆ మిషను జన్మలో తాగలేదు.

“హాత్ అచ్ఛా హై, దీదీ,” అన్నాడు చాచా. చెయ్యి మంచిదని చెప్పి, ఆ గౌను మడిచి పక్కన పెట్టి, మిగతా వాటి అంచులు తడమకుండానే మూట కట్టుకున్నాడు.

పూజలయ్యాక చాచా మళ్ళీ కొత్త మూట దించాడు, చిన్నాన్న కూడా నన్ను తీసుకెళ్ళడానికి రానే వచ్చాడు. అయ్య ఆయన్ని రెండు రోజులు కూర్చోబెట్టి, మిఠాయి పొట్లం చేతికిచ్చి, “ఈ గుంట మొన్ననే రెండ్రోజులు బడి మానీసింది. ఇంకా మానితే ఆ మేష్టరు ఊరుకోడు,” అని ఒక్కణ్ణే రైలెక్కించాడు. ఓడిపోయినట్టు ఒప్పుకోకుండా ఓడిపోవడం మా అయ్యకి బాగా తెలుసు. కోసిన పసుపు ముక్కలన్నీ అమ్మ నాకొక దిండులో కూరింది. ఆ దిండు మీద తల పెట్టుకునే నేను ఇంగ్లీషు క్రియలన్నీ బట్టీ పట్టాను.

సొంతవాక్యం అప్పజెప్పాల్సిన వంతు ఆలస్యంగా వచ్చింది. మా అమ్మ నలభై గౌన్లు ఆల్టర్ చేసింది అని రాసుకెళ్ళాను. మేష్టారు కలం ఎత్తి పట్టుకుని, కోసిందా, మడిచిందా అని అడిగారు. పక్కలు కోసింది సార్, అంచు కొయ్యలేదు అన్నాను. ఆయన ఆ వాక్యం పక్కన రైటు పెట్టారు.

ఇప్పుడు అమ్మ లేదు, అయ్య లేడు. మెటియాబ్రుజ్‌లో మా వరస గదుల చోట నాలుగంతస్తులు లేచాయి, మిషన్లు కరెంటువి వచ్చాయి, కరెంటూ పోవడం లేదు. చాచా అన్న మాటే లోకమంతా గెలిచింది. పిల్ల ఎదిగితే కొత్తది కొంటున్నాం, నేనూ కొంటున్నాను, అందులో నాకు పెద్ద బాధ కూడా లేదు. కాని ఇప్పటి బట్టలు తిరగేసి చూస్తే లోపల చిటికెనవేలు గోరంత గుడ్డ కూడా ఉండదు. వచ్చే ఏడు నువ్వు ఇంకాస్త ఎదుగుతావని కుట్టినవాళ్ళెవరూ అనుకున్నట్టు కనపడదు.

ఆ రోజు గాజు గదిలో దర్జీని నా బెంగాలీలో అడిగి ఆ రెండు జీన్సు ముక్కలు బుట్టలోంచి తీయించుకుని సంచీలో వేసుకున్నాను. మనవరాలు నాకు రెండడుగులు ముందు నడిచింది.

ఆ పసుపు గౌన్లు తొడుక్కున్న పిల్లలు ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉంటారు. వాళ్ళ తల్లుల్లో ఏ ఒక్కరైనా ఆ అంచు తడిమి చూశారో, మడత విప్పారో, పొట్టైపోయిందని పాత సామానువాడికి పడేశారో మాకెప్పుడూ తెలియలేదు. ఎవరింటి పెట్టె అడుగునో ఒక్కటైనా మిగిలి ఉంటే, గౌనంతా వెలిసి తెల్లబడిపోయినా, ఆ నాలుగు వేళ్ళ మడతలో మాత్రం పసుపు ఆనాటి పసుపులాగే ఉండి ఉంటుంది.